మెట్ల పాటలో ఈల

రేడియో స్టేషనులో ఆవిడని ఎదురుగా అందరూ తారీఖుల మేడమ్ అనేవారు. వెనక తారీఖులమ్మ. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. పొద్దున వార్తలు అయ్యాక, పాటలు మొదలయ్యే ముందు ఐదు నిమిషాలు ఆవిడవి. కార్యక్రమం పేరు 'నేటి తేదీ, నాటి పాట'. సంవత్సరం ఏదైనా ఫరవాలేదు, తేదీ మాత్రం ఆ రోజుదే అయివుండాలి. ఫలానా గాయని మొట్టమొదటిసారి మైకు ముందు నిలబడి గొంతు పెగలక ఏడ్చేసింది ఈ రోజే. ఫలానా వాద్యబృందం ఒక రిక్షా బాడుగ దగ్గర మాటా మాటా పెరిగి విడిపోయింది ఈ రోజే. కచేరీ మధ్యలో కరెంటు పోతే గాయకుడు ఆపేసినా, జనం ఆపకుండా చీకట్లోనే ఆఖరి చరణం పూర్తి చేసింది ఈ రోజే. ఇలాంటివి మూడో నాలుగో చెప్పి, చివర ఒక పాట వేసి, చెవులకున్న హెడ్‌ఫోను తీసి బయటికొచ్చేది.

వయసులో ఉన్నప్పుడు తను పాటగత్తె అవుదామనుకుంది. పరీక్ష చేసిన పెద్దలు ముగ్గురూ ఒకే మాట అన్నారు: "పాడే గొంతు కాదమ్మా, మాట్లాడే గొంతు." ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు మాట్లాడే ఉద్యోగానికి దరఖాస్తు పెట్టింది. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా చూద్దాం చూద్దాం అంటూ చూడకుండానే గడిపేసింది. ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరైన అక్కా, తనూ ఒక మేడ మీద రెండు గదుల్లో ఉండేవాళ్ళు. వంటింటి కిటికీలో చిన్న రేడియో పెట్టుకుని రోజూ చెల్లెలి కార్యక్రమం వినేది అక్క. మెచ్చుకునేది మాత్రం తక్కువ.

"నీ కథల్లో అందరూ వేళకి పుడతారు, వేళకి పోతారు. మా ఆస్పత్రిలో ఒక్కడూ అలా చెయ్యలేదే" అనేది.

ఆ మాటలో నిజం లేకపోలేదు. తారీఖుల మేడమ్‌కి అందమైన కలయికలంటే పిచ్చి. ఒక తేదీన ఒక గాయకుడు పుట్టి, అదే తేదీన మరో గాయకుడు పోతే, "ఈ రోజు ఒక గొంతు తీసుకుని ఇంకో గొంతు ఇచ్చింది" అని చెప్పడంలో ఆవిడకి ఎక్కడలేని తృప్తి. అలాంటి వాక్యం ఒకటి దొరికితే ఆ రోజంతా కాలు నేల మీద ఆనేది కాదు.

తప్పు జరిగింది జూన్ పద్నాలుగున.

ఆ తేదీకి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ దొరకలేదు. ఒక జానపద గాయని పుట్టినరోజు. ఇంకొకటి, మెట్ల పాట రికార్డయిన రోజు. మెట్ల పాటంటే ఆ తరంలో తెలియనివాళ్ళు లేరు. సినిమాలో నాయిక మేడమెట్లు దిగుతూ పాడుతుంది కాబట్టి దాని అసలు పల్లవి మరిచిపోయి అందరూ మెట్ల పాట అనేవారు. ఆ పాటకి ప్రాణమంతా మొదట్లోనూ, చరణాల మధ్యా వచ్చే ఈలలో ఉంది. పాత సినిమా పత్రికలో ఆవిడ చదివింది ఇంతే: ఆ రోజు వేణువు వాయించేవాడికి జ్వరం వచ్చి రాలేదు, వేణువు బదులు ఈల పెట్టారు. ఆ ఈల ఎవరు వేశారన్నది పత్రికలో లేదు.

ప్రసారం మొదలైనట్టు ఎర్రదీపం వెలిగింది. ఆవిడ గాయని గురించి చెప్పింది. పాట గురించి చెప్పింది. ఇంకా టైము మిగిలింది. గాజు అవతల ఇంజనీరు ఇంకా సాగదీయమన్నట్టు చేతులు రెండూ ఎడంగా జరిపి చూపించాడు. అప్పుడు ఆవిడ నోట్లోంచి, తను కూడా మొదటిసారి వింటున్నట్టుగా, ఈ మాటలు వచ్చాయి: "వేణువు రాలేదని అందరూ తలలు పట్టుకుంటే, సంగీత దర్శకుడే లేచి, చొక్కా చేతులు మడిచి, మైకు ముందుకొచ్చి స్వయంగా ఈల వేశారట."

వేశారట. ఆ చివరి 'ట'లో దాక్కోవచ్చు అనుకుంది. తను చూశానని చెప్పలేదు, ఎవరో అనుకుంటే విన్నానన్నట్టు చెప్పింది. సంగీత దర్శకుడు పోయి చాలా కాలమైంది, ఎవరికి నష్టం?

కార్యక్రమం అవగానే ఫోన్లు మోగాయి. స్టేషన్ ఆఫీసరు గదిలోంచి వచ్చి మరీ, "ఇవాళ అదరగొట్టారండీ" అన్నాడు. ఆ ఆదివారం ఒక పత్రిక ఆ కథని రంగుల పేజీలో వేసింది. అందులో 'ట' లేదు. "స్వయంగా ఈల వేశారు" అని ఉంది. తర్వాత కచేరీల్లో వ్యాఖ్యానం చెప్పేవాళ్ళు ఎత్తుకున్నారు. ఆ సంగీత దర్శకుడి సంస్మరణ సభలో ఒక పెద్దమనిషి లేచి, ఆయన ఈల వేస్తుంటే తను కళ్ళారా చూశానని కన్నీళ్ళు పెట్టుకున్నాడు. తారీఖుల మేడమ్ ముందు వరసలోనే కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టాలో మానాలో తెలీక చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది.

సెప్టెంబరులో ఒక రోజు, కింద ఎవరో వచ్చారని కబురొస్తే దిగివెళ్ళింది. సన్నగా, పొడుగ్గా ఉన్న ఒక ముసలాయన బెంచీ అంచున కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. చూడగానే లేచి నిలబడ్డాడు.

"మీరేనా అమ్మా, పొద్దున తారీఖులు చెప్పేది?"

"నేనేనండి. కూర్చోండి."

"నేను వ్యాను డ్రైవర్ని. ఇప్పుడు మానేశాను, కళ్ళు మందగించాయి. ఆ రోజుల్లో వాయిద్యాలు అద్దెకిచ్చే షాపు వ్యాను నడిపేవాణ్ణి." ఆగి గొంతు సర్దుకున్నాడు. "మెట్ల పాటలో ఈల నాదమ్మా."

ఆయనే చెప్పుకుపోయాడు. ఆ రోజు డ్రమ్ములు దింపుతూ, అలవాటు కొద్దీ వరండాలో ఈల వేసుకుంటున్నాడట. సంగీత దర్శకుడు తలుపు తీసి, ఎవడ్రా అది అని కేకేస్తే తిట్టడానికే అనుకుని డ్రమ్ము పట్టుకునే లోపలికి వెళ్ళాడట.

"మైకు ముందు నిలబెట్టారు. బాణీ అంటే నాకేం తెలుసమ్మా? ఆయన చెయ్యి పైకెత్తితే పైకి, దించితే కిందికి. గేరు మార్చినట్టు మారుస్తూ పోయాను. అంతే. ఆ తర్వాత ఎవరూ పిలవలేదు, నేనూ వెళ్ళలేదు. పేరు వెయ్యలేదని బాధా లేదు."

"మరి?"

"మా ఆవిడ." ఆయన మొహం ఒక్కసారి చిన్నబోయింది. "వ్యాను షెడ్డు ఎదురుగా వాళ్ళిల్లు. కుట్టుమిషను ముందు కూర్చునేది. నేనెంత ఈల వేసినా తలెత్తేది కాదు. సినిమా వచ్చాక, ఆ ఈల నాదే అని చెప్పాను. అయితే ఏదీ వెయ్యి చూద్దాం అంది. నడిరోడ్డు మీద నిలబడి మొదట్నించి చివరిదాకా వేశాను. మిషను ఆపింది. అలా కుదిరిందమ్మా మా పెళ్ళి. ఇప్పుడేమో మీరు ఆయన వేశారని చెప్పారు కదా, ఎవరో వేసింది నేర్చుకుని నన్ను బుట్టలో వేసుకున్నావంటుంది. ఈలదొంగ అని పేరు పెట్టింది. మొదట్లో నవ్వుతూనే అనేది. ఇప్పుడు నవ్వడం లేదు."

"మీరు చెబితే నమ్మరా?"

"మనిషి మాట నమ్మదు. రేడియో అబద్ధం చెబుతుందా అంటుంది."

తారీఖుల మేడమ్, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఒకసారి వేసి చూపిస్తారా?" అంది.

ఆయన పెదవులు గుండ్రంగా చుట్టి ఊదాడు. సైకిలు ట్యూబులోంచి గాలి పోయినట్టు శబ్దం వచ్చింది. బల్ల దగ్గరి గుమస్తా తలెత్తి చూశాడు.

"కట్టుడు పళ్ళమ్మా" అన్నాడు ఆయన, తప్పు తనదే అన్నట్టు. "పళ్ళతో పాటే ఈలా పోయింది."

నేనే కల్పించానని అప్పుడే చెప్పేయవలసింది. చెప్పలేదు. "ఎక్కడో చదివానండి, కనుక్కుంటాను" అని ఇంకో అబద్ధం ఆడి మెట్లెక్కేసింది.

కనుక్కోవడం మాత్రం నిజంగానే కనుక్కుంది. ఆ పాట రికార్డు చేసిన ఇంజనీరు ఇంకా బతికే ఉన్నాడని తెలిసి, ఆయన కూతురింటికి వెతుక్కుంటూ వెళ్ళింది. చెవిలో మిషను పెట్టుకుని, బాల్కనీలో ఎండకి కూర్చున్న ఆ పెద్దాయన, సంగీత దర్శకుడు ఈల వేశారా అని అడిగితే పొలమారేలా నవ్వాడు.

"ఆయనా? ఆయనకి ఈల ఎక్కడిదమ్మా! ఊదితే తుంపర్లు పడేవి. వేసింది ఆ పొడుగాటి డ్రైవరు. మొదటి టేకులో వాడి జేబులో తాళాలు గలగలమన్నాయి. తీసి అవతల పెట్టమన్నాను. రెండోది ఓకే. ఏం, వాడింకా ఉన్నాడా?"

"ఉన్నారండి."

"ఉంటే నేనడిగానని చెప్పు. బంగారం లాంటి ఈల."

మెట్లు దిగుతుంటే ఆవిడకి గుండె తేలికైంది. మర్నాడే రేడియోలో చెప్పేద్దామని ఆఫీసరు గదికి వెళ్ళింది. జరిగింది జరిగినట్టు కాకుండా, "మొన్న మెట్ల పాట గురించి చెప్పిన దాంట్లో పొరపాటు దొర్లింది సార్, సవరించాలి" అంది.

డ్రైవరు, వాళ్ళావిడ, ఇంజనీరు సంగతి అంతా ఆఫీసరు విన్నాడు. మంచివాడే, కానీ ఏ చిన్న విషయాన్నయినా పందిరి వేసి జరపాలనుకునే రకం. "రేపటి తేదీకీ ఆ పాటకీ ఏం సంబంధమండీ? ఇంత మంచి కథని ఒక్క ముక్కలో సవరణగా పారేస్తారా? వచ్చే జూన్ పద్నాలుగున అరగంట ప్రత్యేకంగా ఇద్దాం. ఆ ఇంజనీరు గొంతు రికార్డు చెయ్యండి. డ్రైవర్నీ, వాళ్ళావిడనీ ఇక్కడ కూర్చోబెడదాం. ఆవిడ ఎదురుగా నిజం బయటపడుతుంది, వెంటనే పాట వేస్తాం. ఊరంతా ఏడుస్తుంది."

కాదనవలసింది. కానీ ఆఫీసరు చెబుతుంటే ఆవిడకి ఆ అరగంట మొత్తం కళ్ళకి కట్టింది. మైకు ముందు ఆ ముసలి దంపతులు, భార్య ముఖంలో మార్పు, సరిగ్గా అప్పుడే ఈల. ఎంత అందమైన కలయిక! పైగా రేపే చెబితే అది తన తప్పు. ఆ తేదీన చెబితే అది తన కార్యక్రమం.

ఆ సాయంత్రం అక్క బియ్యం ఏరుతూ అంతా విని, చాట పక్కన పెట్టింది.

"నిజం చెప్పడానికి కూడా తారీఖు చూసుకుంటావుటే?"

"ఆ రోజైతే అందరూ వింటారక్కా. పేపర్లవాళ్ళు కూడా రాస్తారు."

"అందరూ ఎందుకు? ఒక్కావిడ వింటే చాలదూ?"

చెల్లెలు స్నానానికి లేచింది.

డ్రైవరు మళ్ళీ వచ్చినప్పుడు, ఇంజనీరు అన్న మాట చెబితే ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. జూన్ సంగతి చెబితే మాత్రం కాస్త తటపటాయించాడు. "అంతదాకా ఆగాలా అమ్మా?"

"ఎంతలోకి వస్తుందండీ. పోనీ నేనిప్పుడే మీ ఇంటికొచ్చి ఆవిడకి చెప్పనా?"

ఆయన ఆలోచించాడు. "వద్దులెండి. నేనే మిమ్మల్ని బతిమాలి తీసుకొచ్చాననుకుంటుంది. రేడియోలోనే రానివ్వండి. అక్కడ పోయింది, అక్కడే రావాలి."

ఆ మాట పట్టుకుని ఆవిడ నిశ్చింతగా ఉండిపోయింది. ఇంజనీరు గొంతు రికార్డు చేసింది. లైబ్రరీ అరల్లోంచి ఆ పాత డిస్కు వెతికి, మెత్తటి గుడ్డతో తుడిచి, వేరే కవరులో భద్రం చేసింది. కార్యక్రమం రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. చాలా ఏళ్ళకి ఒక పని అంత ఇష్టంగా చేసింది. ఆ శీతాకాలమంతా ఆవిడ ముఖంలో కళ చూసి స్టేషనులో అందరూ ఏమిటి విశేషం అని అడిగారు.

మే నెలాఖరున, వాళ్ళిద్దర్నీ పిలవడానికి తనే స్వయంగా వెళ్ళింది. ఇరుకు సందులో చివరి ఇల్లు. తలుపు తెరిచే ఉంది. లోపల కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద దుప్పటి కప్పి ఉంది. డ్రైవరు మంచం మీంచి లేచి కుర్చీ లాగి వేశాడు. గడ్డం పెరిగి ఉంది.

"ఆవిడ లేరా అండీ?"

"లేదమ్మా."

బజారుకి వెళ్ళి ఉంటుందనుకుని, "ఎప్పుడొస్తారు?" అంది.

ఆయన మిషను వైపు చూశాడు. ఆవిడ తన మాట తనకే వినబడి, కుర్చీ వీపు గట్టిగా పట్టుకుంది.

"మార్చిలో పోయిందమ్మా. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. ఎక్కువ రోజులు బాధపడలేదు."

ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చుంది. బయట ఎవరో బకెట్టు నింపుకుంటున్న చప్పుడు. తర్వాత ఆయనే చెప్పాడు.

"ఆస్పత్రిలో ఉండగా చెప్పానమ్మా, జూన్‌లో రేడియోలో వస్తుందే, నా పేరు చెబుతారు, అని. వచ్చినప్పుడు చూద్దాంలే అంది. ఇంకో రోజు తనే, ఏదీ వెయ్యి అంది. వేశాను. మీరు చూశారుగా, గాలే వచ్చింది. నవ్వింది. అది నమ్మి నవ్విందో, నమ్మక నవ్విందో నాకిప్పటికీ తెలీదు."

ఆవిడకి ఇక దాచుకోవడం చేతకాలేదు. "ఆ కథ నేనెక్కడా చదవలేదండి. ఎవరూ నాకు చెప్పలేదు. నేనే కల్పించాను."

ఆయన ఆవిడ వంక చూశాడు. కోపం లేదు. నిజంగా అర్థం కాక అడుగుతున్నట్టు అడిగాడు. "ఎందుకమ్మా?"

ఆవిడ ఉన్నదే చెప్పింది. "టైము మిగిలిందండి."

"టైమా" అన్నాడు ఆయన. అని, కిటికీ వైపు తిరిగి, మిషను మీద జారిపోతున్న దుప్పటి సర్దాడు.

లేచి వచ్చేస్తూ గుమ్మంలో ఆగి, కార్యక్రమం మానేయమంటారా అని అడిగింది. "చెప్పండమ్మా, నిజమే కదా. నేను మాత్రం రాలేను. విననూ వినను" అన్నాడు.

జూన్ పద్నాలుగున అరగంట ప్రత్యేకం జరగలేదు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆఫీసరు బతిమాలాడు, తర్వాత విసుక్కున్నాడు. ఆవిడ కాగితాలన్నీ సొరుగులో పడేసి, రోజూలాగే ఐదు నిమిషాలకి కూర్చుంది. జానపద గాయని పుట్టినరోజు గురించి చెప్పింది. తర్వాత అంది: "మెట్ల పాటలో ఈల వేసింది ఒక వ్యాను డ్రైవరు. సంగీత దర్శకుడు వేశారని పోయినేడాది నేను చెప్పింది అబద్ధం. ఎవరూ నాకు చెప్పలేదు, నేనే అల్లాను. ఇది పోయినేడాదే చెప్పవలసింది." అక్కడ ఆపి పాట వెయ్యమని సైగ చేసింది. పాట అయ్యాక కూడా టైము మిగిలింది. గాజు అవతల ఇంజనీరు చేతులు ఎడంగా జరపబోయి, ఆవిడ ముఖం చూసి దించేశాడు. ఆ మిగిలిన కాసేపూ రేడియోలో ఏమీ రాలేదు.

రెండు ఫోన్లు వచ్చాయి. ఒకటి రాంగ్ నంబరు. పత్రికల వాళ్ళెవరూ అడగలేదు. సంస్మరణ సభలో కన్నీళ్ళు పెట్టుకున్న పెద్దమనిషి మాత్రం ఆఫీసరుకి ఫోను చేసి, ఆ మనిషికి మతి చలించిందా అని కోప్పడ్డాడు.

ఇంటికొస్తే అక్క దెప్పలేదు. కంచం పెట్టి, ఎదురుగా కూర్చుని, "తిను" అంది. దెప్పినా బాగుండేదనిపించింది చెల్లెలికి.

సాయంత్రం సందు చివరి ఇంటికి వెళ్ళింది. డ్రైవరు గడ్డం గీసుకుని, అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"వినకూడదనే అనుకున్నానమ్మా. పక్కింటివాళ్ళు పెద్దగా పెట్టారు" అన్నాడు. తర్వాత, "పుట్టినరోజని చెప్పారే ఒకావిడ, జానపదాలు పాడేది, ఆవిడంటే మా ఇంటిదానికి పడేది కాదు. గొంతు చించుకుంటుంది, నా మిషను చప్పుడే నయం అనేది" అన్నాడు. అని ఇంకా చాలా చెప్పాడు: ఏ పాట వస్తే ఆవిడ రేడియో కట్టేసేదో, ఏ పాట వస్తే కత్తెర కింద పెట్టేసేదో, మెట్ల పాట వస్తే వంటింట్లోంచి "ఇదిగో, మా ఆయన వచ్చాడు" అని తననే వెక్కిరిస్తూ ఎలా కేకేసేదో. తారీఖుల మేడమ్ వింటూ కూర్చుంది. వెలుతురు తగ్గి ఆయన ముఖం సరిగ్గా కనబడకుండా పోయేదాకా లేవలేదు.

ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు ఉద్యోగం చేసింది. ఏ చిన్న పొరపాటు దొర్లినా మర్నాడు పొద్దున్నే, తేదీతో పని లేకుండా, ముందు దాన్నే దిద్దుకునేది. వినేవాళ్ళకి అది విసుగే. ఆఫీసరు మారాక కార్యక్రమం తీసేశారు. ఆవిడ ఎందుకని అడగలేదు, గొడవ చెయ్యలేదు. డ్రైవరు పోయిన కబురు కూడా ఆలస్యంగా తెలిసింది.

రిటైరయ్యాక ఒక రోజు బట్టల షాపులో అక్కకి దుప్పట్లు చూస్తుంటే, ఏదో కొత్త స్టేషనులో మెట్ల పాట మొదలవబోతోంది. ముందు ఒక కుర్ర గొంతు హుషారుగా చెబుతోంది, వేణువు రాని రోజున సంగీత దర్శకుడే లేచి, చొక్కా చేతులు మడిచి, స్వయంగా ఈల వేశారని. చొక్కా చేతులు మడవడంతో సహా, ఆవిడ మాటలే.

"అది కాదు బాబూ" అంది ఆవిడ, దుప్పటి కింద పెట్టేసి. "ఆ ఈల ఆయనది కాదు. ఒక వ్యాను డ్రైవరుది."

షాపతను మర్యాదగా నవ్వాడు. "ఎవరో ఒకరు వేశార్లెండి మేడమ్. పాట బాగుంది కదా. ఈ నీలంది చూడండి, ఉతికినా రంగు పోదు."